చిల్లురాయి ఎవరి మెడలో ఉండాలి?

బంగారం గురించి నాకేమీ తెలియదు. ముందే చెప్పేస్తున్నాను. నేను నగల పని చేశానని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "తరుగు ఎంత వేస్తారు ఆంటీ?" నా నగల్లో తరుగు లేదు, తూకమూ లేదు. సముద్రపు ఒడ్డున దొరికిన చిల్లురాయి, ఓక్ చెట్టు కింద రాలిన కాయ, ఆల్చిప్ప ముక్క, ఉప్పునీళ్ళలో నాని నాని నునుపెక్కిన కొమ్మ, వీటిని పట్టి ఉంచడానికి రాగితీగ, వెండితీగ. ఇంతే నా సరుకు. దీంతోనే న్యూజెర్సీలో చాలాకాలం బతికాను. బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి, తీగ మెలిపెడితే ప్రాణం పోతున్నట్టు ఉండడంతో ఈ మధ్యే మానేశాను.

మానేసిన దగ్గర్నుంచి ఫోన్లు. మాస్టర్స్ చదువుతూ చేతిపని మీద మనసు పడ్డ పిల్లలు, డిపెండెంట్ వీసా మీద అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చున్న ఆడపిల్లలు, కంప్యూటర్ ముందు విసిగిపోయిన ఒకరిద్దరు ఇంజినీర్లు. "ఆంటీ, ఎలా స్టార్ట్ చేయాలి?" అని అందరిదీ ఒకే ప్రశ్న. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. మొదటి మాట: మీ వీసా సంపాదనకు ఒప్పుకోకపోతే నేర్చుకోండి, అమ్మకండి. ఆన్‌లైన్‌లో ఒక జత చెవి రింగులు అమ్మి జీవితకాలపు తలనొప్పి కొనుక్కోవద్దు. నేనూ కొన్నేళ్ళు ఆ గోడలే చూశాను. అప్పుడే రాళ్ళు ఏరడం మొదలైంది. సెలవు రోజుల్లో మా ఆయన, నేను రోడ్ ఐలండ్ వైపు గులకరాళ్ళ తీరాలకు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేవాళ్ళం. అందరూ సముద్రాన్ని చూస్తుంటే నేను కాళ్ళకింద చూసేదాన్ని.

నా గురించి ఇంకొక్క ముక్క, ఎందుకంటే అది లేకపోతే మిగతాది అర్థం కాదు. నా పేరు సమత. పేరులోనే మా నాన్న ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఊళ్ళో హేతువాద సభలు నడిపేవాడు. మా ఇంట్లో పూజలు లేవు, వాదాలు ఉండేవి. జాతకం ఎందుకు అబద్ధమో చెప్పలేని పిల్లకు మా ఇంట్లో రెండోసారి పెరుగు పడేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి పోయి పోయి తాయెత్తుల్లాంటి నగలు చేసే చోట పనికి కుదిరిందంటే నవ్వొస్తుంది కదా. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

నోరా గుడారం

నాకు పని నేర్పింది నోరా. ఐరిష్ కుటుంబం నుంచి వచ్చిన అమెరికన్. నాకంటే పెద్దది, నాకంటే మొండిది. కార్ల షెడ్డునే వర్క్‌షాపుగా మార్చుకుని, వారాంతాల్లో రైతుబజార్లలో గుడారం వేసి అమ్మేది. ఆమె నగలన్నీ వాళ్ళ నాయనమ్మ చెప్పిన కెల్టిక్ కథల్లోంచి పుట్టేవి. సీలు అనే సముద్రజంతువుగా ఉంటూ, ఆ చర్మం విడిచి ఒడ్డుకొచ్చి మనిషిగా కాపురం చేసిన అమ్మాయి కథను నీలం ఆల్చిప్పలో చెక్కేది. మొదలూ చివరా లేని ముడిని తీగతో అల్లేది. కీడును రానివ్వదని వాళ్ళు నమ్మే రోవన్ చెట్టు పుల్లలు రెండు ఎర్రదారంతో అడ్డంగా కట్టేది. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేవి చిల్లురాళ్ళు. పాములన్నీ ఒకచోట చేరి బుసకొడితే ఆ నురగ గట్టిపడి చిల్లురాయి అవుతుందని వాళ్ళ కథ. మన నాగమణికి దూరపు చుట్టం అన్నమాట. ఆ చిల్లులోంచి చూస్తే గుట్టల కింద కాపురముండే అదృశ్య జనం కనిపిస్తారని కూడా అంటారు.

నిజం ఇంత అందంగా ఉండదనుకుంటారు. ఉంటుంది. రాతిని తొలుచుకుని అందులోనే ఇల్లు కట్టుకునే ఒక రకం ఆల్చిప్ప జీవి ఉంది. అది చచ్చాక ఆ ఇల్లే చిల్లు. లేదంటే గుంటలో పడ్డ ఇసుకరేణువులు అలలకు తిరిగి తిరిగి తవ్విన రంధ్రం. పాము ఉమ్మికంటే ఇదే గొప్ప కథ అని నేను ఇప్పటికీ వాదిస్తాను.

మొదటి శనివారం గుడారంలో నిలబడ్డాను. ఒక పెద్దాయన చిల్లురాయి ఎత్తి కన్నుకు పెట్టుకుని, "దీంతో చూస్తే వాళ్ళు కనిపిస్తారట కదా?" అన్నాడు.

"పక్క గుడారంలో గుమ్మడికాయలు కనిపిస్తాయి," అన్నాను.

ఆయన రాయి కింద పెట్టి, మర్యాదగా నవ్వి, వెళ్ళి ఒక గుమ్మడికాయ కొనుక్కున్నాడు.

నోరా నన్ను పక్కకు పిలిచింది. "ఆయన నిన్ను నిజం అడిగాడా, కథ అడిగాడా?"

"అడగకపోయినా నిజం చెప్పాలి."

"చెప్పు. ఎవరొద్దన్నారు? కానీ కథ పూర్తయ్యాక చెప్పు. సినిమా మధ్యలో లేచి హాల్లో లైట్లు వేసేస్తావేంటి?"

ఆ ఏడాదంతా కొట్టుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రతి నగతో ఒక చిన్న కార్డు ఇస్తాం. ఒకవైపు నోరా కథ, రెండోవైపు నా నిజం: ఈ చిల్లు ఎలా పడింది, ఈ కొమ్మ ఎందుకు నునుపైంది. కార్డు చివర నా పట్టుదల కొద్దీ ఒక వాక్యం ఉండేది. "ఈ వస్తువుకు ఏ శక్తీ లేదు, అందం తప్ప." అది చదివితే ఎవరూ కొనరని నోరా భయం. అందరూ కొన్నారు. ముసలివాళ్ళు కథవైపు చదివేవాళ్ళు, పిల్లలు రెండోవైపు చదివి "ఆల్చిప్ప ఇల్లా?" అని కేకలు పెట్టేవాళ్ళు. జనాన్ని తెలివితక్కువవాళ్ళుగా లెక్కగట్టడం, అది భక్తి వ్యాపారి చేసినా హేతువాది చేసినా, తప్పే.

నోరా సూత్రం ఒక్కటే. కథ అమ్మొచ్చు, హామీ అమ్మకూడదు. "మా నాయనమ్మ ఇలా చెప్పేది" అనొచ్చు. "ఇది కట్టుకుంటే నీకు ఇలా జరుగుతుంది" అనకూడదు. ఈ గీత దాటినవాళ్ళు మా చుట్టూ బోలెడంతమంది. నిద్రకు ఒక రాయి, ఉద్యోగానికి ఒక రాయి, వీసా స్టాంపింగ్‌కు ఇంకో రాయి. అలా అమ్మేవాళ్ళను నేను కళాకారులనను. సంతలో నాడి పట్టి నకిలీ మందు అంటగట్టేవాడికీ వాళ్ళకూ తేడా గుడారం రంగులోనే. మీలో ఎవరైనా ఆ దారిలో డబ్బు చేసుకోవాలనుకుంటే దయచేసి నాకు ఫోన్ చేయకండి.

పురుగులు, ఉప్పు, ఒక నీలం ఈక

ఈ పనిలో కథ పావు వంతు. మిగతాది కడగడం.

సముద్రం నుంచి తెచ్చిన రాయి ఎంత పొడిగా కనిపించినా లోపల ఉప్పు ఉంటుంది. మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టాలి. ఓపిక లేక చుట్టేస్తే కొన్నాళ్ళకు వెండితీగ నల్లబడి, కొన్నవాళ్ళ మెడమీద మసి అంటుకుంటుంది. తర్వాత రాయిని గోటితో మీటి వినండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టే, పక్కన పెట్టేయండి. ఆల్చిప్పను ఎప్పుడూ నీళ్ళలో తడుపుతూనే కోయండి, మాస్కు లేకుండా కోయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. "ప్రకృతి సహజం" అన్న మాట విని మోసపోవద్దు. తేలు కూడా ప్రకృతి సహజమే.

ఓక్ కాయల సంగతి నాకు అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఒక పెళ్ళికూతురు నేర్పింది. జడకు పెట్టుకోవడానికి ఓక్ కాయలు, రాగి ఆకులతో దువ్వెన చేయించుకుంది. ఎంతో ముచ్చటపడి చేసి పార్సిల్ పంపాను. వారం తిరిగేసరికి ఫోన్.

"ఆంటీ, దువ్వెన సూపర్. కానీ అందులో ఎవరో కాపురం ఉంటున్నారు."

"ఎవరు?"

"తెల్లగా, లావుగా ఉన్నారు ఆంటీ. ఇద్దరు. ఒకరు ఆల్రెడీ బయటికి వచ్చేశారు. మా వదిన చూసి సోఫా ఎక్కింది, ఇంకా దిగలేదు."

ఓక్ కాయలో తల్లిపురుగు గుడ్డు పెడితే, పిల్ల లోపలే తిని పెరిగి, గుండ్రంగా బొక్క పెట్టుకుని బయటికొస్తుంది. కాయలను ముందుగా సన్నని వేడి మీద ఓవెన్‌లో ఉంచితే ఈ గొడవ లేదు. నోరా ఆ మాట నాకు ఎప్పుడో చెప్పింది. ఆమె చెప్పే ప్రతిదీ నాయనమ్మ కథేననుకుని నేను పట్టించుకోలేదు. ఆ పిల్లకు కొత్త దువ్వెన చేసి పంపాను. ఇందులో ఎవరూ లేరని హామీ ఇచ్చాను. నేను ఇచ్చిన హామీ అదొక్కటే.

ఇక ఈకలు. నడకదారిలో ఒకసారి నీలంగా మెరిసిపోతున్న బ్లూ జే ఈక దొరికింది. రింగుల్లో పెడదామని తెస్తే నోరా తలుపు దగ్గరే ఆపింది. ఈ దేశంలో చాలా రకాల అడవి పక్షుల ఈక మన దగ్గర ఉంచుకోవడమే నేరం.

"రాలి పడింది. నేనేమైనా పీకానా?" అన్నాను.

"రాలిందో పీకిందో ఈకను చూసి చెప్పగలవా?"

చెప్పలేను. అందుకే చట్టం అలా ఉంది. తర్కం ఇంత చక్కగా ఉంటే నాకు ఒప్పుకోక తప్పదు. ఈకను తీసుకెళ్ళి దొరికినచోటే వదిలేశాను. ఏ తీరంలో రాళ్ళు ఏరనిస్తారో, ఏ పార్కులో ఒక్క కాయ కూడా తీయకూడదో మీరే తెలుసుకుని వెళ్ళండి.

టీచరుగారితో వాదం

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం.

ఒక అక్టోబరు శనివారం హరిత గుడారానికి వచ్చింది. మా న్యూజెర్సీలోనే పార్సిప్పనీలో ఉంటుంది, హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నా దగ్గర రింగులు కొనే పాత కస్టమర్. స్ట్రోలర్‌లో ఆరేడు నెలల కొడుకు. పక్కన వాళ్ళమ్మ సత్యవతిగారు. మనవడిని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చారు. ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు మీదుగా చూస్తే మనం హోంవర్క్ చేయలేదని గుర్తొస్తుంది.

నోరా అలవాటు ప్రకారం చిల్లురాయి కథ చెప్పింది. వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో పాడిపశువులకు ఎవరి చెడుచూపూ తగలకుండా ఎర్రదారంతో చిల్లురాయి కట్టేవారట. హరిత తెలుగులో చెప్పగానే సత్యవతిగారి మొహం వెలిగిపోయింది.

"చూశావుటే! వీళ్ళకీ దిష్టి ఉంది!"

"అబ్బా, అమ్మా, స్టార్ట్ చేయకు," అంది హరిత.

"ఏం? ఐర్లండ్ ఎక్కడ, అనకాపల్లి ఎక్కడ? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఇద్దరూ ఒకే మాటన్నారంటే? రెండు వేర్వేరు పద్ధతుల్లో చేసినా ఆన్సర్ ఒకటే వస్తే ఆ లెక్క రైటు." నా వైపు తిరిగారు. "ఏమంటారండీ?"

నన్ను అడిగారు. నన్ను! నా రక్తం మరిగింది. "ఇద్దరు పిల్లలు పరీక్షలో ఒకే తప్పు ఆన్సర్ రాస్తే ఏమంటారు టీచరుగారూ?"

"కాపీ కొట్టారంటాను."

"కాపీ కొట్టకపోయినా రాస్తారు. ఇద్దరూ ఒకేచోట తడబడితే ఒకే తప్పు వస్తుంది. పసిబిడ్డలు ఎందుకు చచ్చిపోతున్నారో తెలియని రోజుల్లో అక్కడి తల్లీ భయపడింది, ఇక్కడి తల్లీ భయపడింది. భయం ఒకటే కాబట్టి ఆన్సర్ ఒకటే. అది రుజువు కాదు."

చుట్టూ మూగి ఉన్న మన కుర్రాళ్ళు కొందరు చప్పట్లు కొట్టారు. సత్యవతిగారు ఎర్రబడ్డారు. అయినా వదల్లేదు. "సరే, మీ ఉపన్యాసం బాగుంది. ఇదిగో ఈ చిన్న రాయి, నాలుగు నల్లపూసలు కలిపి వీడి మెడకు కట్టివ్వండి. ముడి గట్టిగా వేయండి, వీడు లాగేస్తాడు."

"పసివాళ్ళ మెడకు నేను ఏదీ చేయనండి. నిద్రలో బిగుసుకుంటే ఊపిరాడదు. పూస ఊడితే గొంతులో అడ్డం పడుతుంది."

"మా ఇంట్లో అందరి మెడకూ కట్టాం. ఎవరూ పోలేదు."

"పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా."

సత్యవతిగారు స్ట్రోలర్ తిప్పుకుని వెళ్ళిపోయారు. హరిత నా వైపు ఒకసారి చూసి ఆవిడ వెనకే నడిచింది.

తెలుగు ఒక్క ముక్క రాకపోయినా నోరాకు మొహాలు చదవడం వచ్చు. "ఏం అమ్మావు?" అంది.

"ఏమీ అమ్మలేదు. గెలిచాను."

"ఎవరి మీద?"

గెలిచాక ఏం జరిగింది

మరుసటి శనివారం హరిత ఒక్కతే వచ్చింది. కళ్ళకింద నలుపు.

"ఆంటీ, ఆ రోజు మీరు గెలిచారు. ఇంటికెళ్ళాక మా అమ్మ ఏం చేసిందో తెలుసా? అపార్ట్‌మెంట్ వెనక ట్రెయిల్‌లో ఒక రాయి ఏరుకొచ్చింది. దానికి చిల్లు లేదు కదా, నల్లదారంతో చుట్టచుట్టి, తన బ్యాగులో ఉన్న నల్లపూసలు కలిపి నీల్‌గాడి మెడకు కట్టేసింది. నేను కట్ చేస్తాను, తను మళ్ళీ కడుతుంది. నేను కట్ చేస్తాను, మళ్ళీ."

"మీవారు చెప్పొచ్చు కదా?"

"మీ అమ్మ, నువ్వే మాట్లాడు అని హెడ్‌సెట్ పెట్టేసుకుంటాడు. పీడియాట్రీషన్ చెప్పారన్నా వినట్లేదు. ఆ డాక్టరు చిన్నపిల్ల, దానికేం తెలుసు అంటుంది." గొంతు తగ్గించింది. "నిన్న బాబు నిద్రపోతుంటే చూశాను. దారం జరిగి చెవి మీదకు వచ్చి బిగిసిపోయింది ఆంటీ. మెడమీద ఎర్రగా గీత. నా లీవ్ అయిపోయింది. సోమవారం నుంచి ఆఫీస్‌కి వెళ్ళాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు అమ్మ దగ్గరే. నేను మీటింగ్‌లో కూర్చుని ఆ దారం గురించే ఆలోచించాలా?"

వాదనలంటే ప్రాణం ఇచ్చే నాలాంటివాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. నలుగురిలో ఓడినవాళ్ళు ఆ క్షణంలో మారిపోతారని మనకు ఒక నమ్మకం. దానికి కూడా రుజువు లేదు. నేను చూసినంతలో ఓడిన మనిషి ఇంటికెళ్ళి ముడి ఇంకాస్త బిగిస్తుంది. ఆ రోజు నేను అన్న ప్రతి మాటా నిజమే. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఆ నిజాలన్నిటికీ కలిపి వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆ బిడ్డ మెడలో ముందు లేని దారం ఇప్పుడు ఉంది.

నోరాకు చెప్పాను. కాసేపు పట్టకారుతో తీగను అటూ ఇటూ వంచి, "రేపు ఆదివారం. నేనూ వస్తాను," అంది.

పార్సిప్పనీలో ఆదివారం

ఒక సంచిలో రాళ్ళు, ఎర్రదారం, లాగితే ఊడిపోయే కొక్కేలు వేసుకుని బయల్దేరాం. తలుపు తీసింది సత్యవతిగారే.

"రండి. మళ్ళీ క్లాసు చెప్పడానికా?"

"కాదండీ. డౌటు అడగడానికి వచ్చాను."

టీచరుకు ఆ మాట చాలు. లోపలికి రమ్మన్నారు. కాఫీ ఇచ్చారు, నోరా ముందు చేగోడీల గిన్నె పెట్టారు. నీల్ ఆవిడ ఒళ్ళో కూర్చుని, మెడలోని దారపుచుట్ట పట్టుకుని నోట్లో పెట్టుకుంటున్నాడు. గడ్డం నిండా చొంగ. గుండ్రటి మొహం, ఒక్కటే పన్ను.

"ఎంత ముద్దొస్తున్నాడో," అన్నాను. నిజంగానే ముద్దొచ్చాడు.

"థూ, థూ! దిష్టి పెట్టకండి," అన్నారు ఆవిడ, వాడి తలచుట్టూ చెయ్యి తిప్పుతూ.

"అదే నా డౌటు. దిష్టి ఎక్కడ పుడుతుంది టీచరుగారూ? వీడి మెడలోనా, నా కంట్లోనా?"

"కంట్లో. ఎవరైనా చెప్తారు."

"నోరా, మీ నాయనమ్మ ఊళ్ళో ఆ రాయి దూడ మెడకు కట్టేవారా?"

నోరా నోట్లో చేగోడీ ఉంది. తల అడ్డంగా ఊపి మింగింది. "దూడకా? ఎందుకు? కొట్టం గుమ్మానికి కట్టేవారు. చూసేవాళ్ళు అటునుంచే కదా వచ్చేది. మిగతా కథల్లో కూడా రాయి చూసేవాళ్ళ చేతిలోనే ఉంటుంది, చూడబడేవాళ్ళ దగ్గర ఉన్నట్టు నేనెక్కడా వినలేదు."

హరిత అది తెలుగులో చెప్పింది. సత్యవతిగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"మీ పద్ధతిలోనే చేద్దాం," అన్నాను. "దోషం కంటిలో ఉంటే కట్టాల్సింది ఆ కళ్ళున్నవాళ్ళకు. ఈ ఇంట్లో వీణ్ణి అందరికంటే ఎక్కువ చూసేదెవరు?"

హరిత మెల్లగా అంది: "నా దిష్టే తగిలేట్టుంది వెధవకి అని నిన్న నువ్వే అన్నావు కదమ్మా, స్నానం చేయించేటప్పుడు."

ఆవిడ కాసేపు పిల్లాణ్ణి, కాసేపు నన్ను చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓసి నీ తెలివి! నా లెక్కనే తిరగేసి నా చేతనే చేయించావు. సరే, ఒప్పుకుంటున్నా. రాయి నాకు కట్టు, వీడిది తీసేస్తాను."

నేను సంచి తెరిచాను.

"ఆగు. లెక్క పూర్తి కాలేదు," అన్నారు. "చూసే కళ్ళు నావేనా? నువ్వు వచ్చిన దగ్గర్నుంచి కాఫీ తాగకుండా వీణ్ణే చూస్తున్నావు. ముద్దొస్తున్నాడని నోరు తెరిచి అన్నావు కూడా. ముందు నువ్వు కట్టుకో."

ఇలా జరుగుతుందని నేను ఊహించలేదు. నా ఒంటిమీద ఎప్పుడూ తాయెత్తు నిలవలేదు. చిన్నప్పుడు జ్వరంలో ఎవరో చుట్టాలు మంత్రించిన దారం కడితే మా నాన్న వాళ్ళ ముందే కోసి పొయ్యిలో వేశాడు. నా పెళ్ళి కూడా దండలతో, ఉపన్యాసాలతో అయింది. చిల్లురాళ్ళు ఎన్ని చుట్టానో లెక్కలేదు, ఒక్కటీ మెడలో వేసుకోలేదు.

"నేను కట్టుకోనండి. దీనికి ఏ శక్తీ లేదు. ఇది రాయి. అంతే."

సత్యవతిగారు బోర్డు మీద చివరి మెట్టు రాస్తున్నంత నెమ్మదిగా అన్నారు:

"శక్తి లేని రాయికి భయమెందుకు?"

హరిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమందని నోరా అడిగితే చెవిలో చెప్పింది. నోరా నవ్వి నవ్వి, చేగోడీ కారం గొంతులో పడి దగ్గింది.

నేను జవాబు వెతికాను. నా జీవితంలో సభల్లో, గుడారాల్లో, భోజనాల దగ్గర ఎన్ని వాదాలు చేశానో, ఆ అలవాటంతా ఒక్కసారి తలలో తిరిగింది. నన్ను చూసి ఇంకొకరు నమ్ముతారు అనొచ్చు. ఇది సూత్రం అనొచ్చు. రెండూ మంచి జవాబులే. కానీ అవి చెప్పి గెలిస్తే ఆ దారం అక్కడే ఉంటుంది. ఒళ్ళో కూర్చున్నవాడు అప్పుడే దాన్ని రెండు చేతులా పట్టుకుని చెవి వైపు లాక్కుంటున్నాడు.

"ఒక షరతు," అన్నాను. "నమ్మి కట్టుకోవడం లేదు. దీనికి శక్తి ఉందని నేను ఎవరికీ చెప్పను. మీరూ నాతో అనకూడదు."

"అననులే. మెడ వంచు."

వంచాను. ఆవిడ వేళ్ళు నా మెడ వెనక కొక్కెం కోసం తడుముకున్నాయి. నేను చేసిన కొక్కేన్నే ఎలా పెట్టాలో నేనే చెప్పాల్సివచ్చింది. తర్వాత ఆవిడకు నేను కట్టాను. హరితకు నోరా కట్టింది. పక్క గదిలో కాల్‌లో ఉన్న అల్లుడి దగ్గరకు సత్యవతిగారే వెళ్ళారు. అతను మ్యూట్‌లో పెట్టి, ఏమిటని కూడా అడక్కుండా తల వంచాడు. చివరికి నోరా కూడా మెడ వంచి ఒకటి కట్టించుకుంది. మిగిలిన ఒక రాయిని, వచ్చేపోయే వాళ్ళ కోసమని, గుమ్మానికి వేలాడదీశారు.

ఇది చదివి సమత లొంగిపోయిందని అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో నా పాత మిత్రులూ ఉంటారు. వాదానికి నేను సిద్ధం, ఎప్పుడైనా రండి. దిష్టి ఉందని ఆ రోజూ అనలేదు, ఈ రోజూ అనను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు మాత్రం ఒక్కటి చెప్తాను. మీరు చేసేది మనిషి ఒంటిమీద ఉండే వస్తువు. మీ నమ్మకాలు, అపనమ్మకాలు రెండూ ఆ ఒంటి తర్వాతే.

సత్యవతిగారు కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చారు. హరిత చెయ్యి చాచింది. ఆవిడ ఇవ్వలేదు. మనవడి గడ్డం కింద తన చూపుడువేలు దూర్చి, చర్మానికీ దారానికీ మధ్య వేలు అడ్డం పెట్టి, జాగ్రత్తగా కోశారు. నల్లపూసలు ఒళ్ళో రాలాయి. ఒక్కొక్కటి ఏరి గుప్పిట్లో పెట్టుకున్నారు, ఒక్కటి కూడా వాడి చేతికి అందకుండా. దారం పోయాక దాని కింద ఎర్రగీత కనిపించింది. ఆవిడ చాలాసేపు దాన్నే చూశారు. వంటింట్లోకి వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి, వేలి కొసతో గీత పొడవునా రాశారు. వాడు చక్కిలిగిలి పుట్టి మెడ ఎత్తి కిలకిలా నవ్వాడు.

అప్పుడు వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టారు.

"ఇదుగో. ఇక ఎంతసేపు చూసుకుంటావో చూసుకో."

చూశాను. మెడమీద నూనె మెరుపు తప్ప ఏమీ లేదు.